పాకే పాప, ఐదో అంతస్తు, అద్దె ఇల్లు: ముందు ఏది సరిచేయాలి?

మధురవాడ_మానస
పాపకు తొమ్మిదో నెల. పాకడం వచ్చింది, సోఫా పట్టుకుని నిలబడటం కూడా మొదలుపెట్టింది. మాది విశాఖ మధురవాడలో ఐదో అంతస్తు, అద్దె ఇల్లు. హాల్లోంచి నేరుగా బాల్కనీలోకి తలుపు. రెయిలింగ్ కమ్మీలు అడ్డంగా ఉంటాయి, కాలు పెట్టి ఎక్కడానికి నిచ్చెన మెట్లలా. గోడకు మేకు కొట్టడానికి కూడా ఇంటి యజమాని ఒప్పుకోరు. ఒక దుకాణంలో అడిగితే మూలలకు రబ్బరు, ప్లగ్గులకు మూతలు, సొరుగులకు తాళాలు అన్నీ కలిపిన పెట్టె చూపించి చాలా పెద్ద ధర చెప్పారు. అత్తయ్య గారేమో "నలుగురిని పెంచాను, ఇవేవీ లేవు, కళ్ళుంటే చాలు" అంటున్నారు. నేను ఆఫీసుకు వెళ్ళాక పగలంతా పాపను చూసుకునేది ఆవిడే. మోకాళ్ళ నొప్పులు, పాప వెంట పరుగెత్తలేరు. చేతిలో డబ్బు కొంచెమే ఉంది. మొదట దేనికి ఖర్చు పెట్టాలి?

ఉక్కునగరం_తాతయ్య
మీ అత్తగారి మాటే సరైనదమ్మా. క్వార్టర్సులో మేము ముగ్గురిని పెంచాం. కిరోసిన్ స్టవ్వు నేల మీదే ఉండేది. బిడ్డ ఎక్కడున్నదీ ఇంట్లో ఎవరో ఒకరికి ఎప్పుడూ తెలిసేది. ఇప్పుడు ఆ కళ్ళు ఫోన్లలో ఉన్నాయి. పెట్టె కొనే ముందు ఫోను పక్కన పెట్టమనండి అందరినీ.

అక్కయ్యపాలెం_కవలల_అమ్మ
తాతయ్య గారూ, ఫోను సంగతి ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను. నాకు కవలలు. ఒకడు వంటగదికి పాకితే రెండోవాడు బాత్‌రూముకు పాకుతాడు. నా రెండు కళ్ళనూ చెరో వైపు పంపమంటారా? మీ క్వార్టర్సులో ఆ రోజుల్లో బిడ్డను చూసేవాళ్ళు ఎందరో గుర్తు తెచ్చుకోండి. నానమ్మ, మేనత్త, గోడ అవతలి పక్కింటావిడ. మానస గారింట్లో పగలంతా ఉండేది మోకాళ్ళ నొప్పులున్న ఒక్క పెద్దావిడ.

గోపాలపట్నం_బుజ్జి
ఆ పెట్టె మాత్రం కొనకండి. టీపాయ్ మూలకు అంటించిన రబ్బరు ముక్కను మా వాడు సాయంత్రానికల్లా పీకి నోట్లో పెట్టుకున్నాడు.

పిల్లల_వార్డు_డాక్టరు
ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల విభాగంలో పనిచేస్తాను. "మొదట దేనికి" అన్నారు కాబట్టి చెబుతున్నాను. ప్రాణం తీసేవి ముందు, అవిటితనం తెచ్చేవి తర్వాత, బొప్పి కట్టించేవి చివర. దుకాణం పెట్టెలో ఉండేవాటిలో ఎక్కువ భాగం ఈ చివరి రకానికే పనికొస్తాయి. టీపాయ్ మూల తగిలితే బిడ్డ ఏడుస్తుంది, కాసేపటికి మరచిపోతుంది. దాని గురించి దిగులు పడకండి.

నా దిగులంతా నీళ్ళ గురించి. విశాఖలో నీళ్ళంటే అందరికీ సముద్రం గుర్తొస్తుంది. పాకే బిడ్డకు సముద్రం బాత్‌రూములోని బకెట్టే. ఈ వయసులో ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ. అంచు పట్టుకుని లోపలికి వంగిందంటే తలకిందులుగా పడుతుంది, మళ్ళీ లేవలేదు. నోరు నీళ్ళలో ఉంటుంది కాబట్టి చప్పుడు కూడా రాదు. రెండు అంగుళాల నీళ్ళు చాలు. నీట మునిగి చనిపోవడం 1 నుంచి 4 ఏళ్ళ పిల్లల్లోనే అత్యధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ఊళ్ళో కుళాయి వచ్చే వేళకు డ్రమ్ములు, టబ్బులు నింపి పెట్టుకునే ఇళ్ళు ఇప్పటికీ ఎన్నో. నిల్వ చేసేది బిగుతు మూత ఉన్న డ్రమ్ములోనే చేయండి. బకెట్టు వాడగానే బోర్లించండి. బాత్‌రూము తలుపుకు బయటి వైపు, పెద్దల భుజం ఎత్తులో గొళ్ళెం ఉండాలి. దీనికి అయ్యే ఖర్చు ఒక్క గొళ్ళెం.

ఆ తర్వాత మీ బాల్కనీ. ఆ తర్వాత మందులు, ఫినాయిల్, యాసిడ్. ఆ తర్వాత వేడి గంజి, వేడి నీళ్ళు. గొంతుకు అడ్డం పడేవి వీటన్నిటితో పాటే చూసుకోవాలి.

మధురవాడ_మానస
డాక్టరు గారూ, మా బాత్‌రూముకు బయట గొళ్ళెమే లేదు. లోపలి గడియ మాత్రం కింద ఉంది, పాప చేతికి అందేంత కిందన. ఇంతవరకూ దాని గురించి ఎవరమూ ఆలోచించలేదు.

వాల్తేరు_వాసంతి
ఆ లోపలి గడియను ఇవాళే ఊడదీయించండి. మా పైఅంతస్తులో రెండేళ్ళ బాబు లోపల గడియ పెట్టుకున్నాడు. తీయడం రాలేదు. లోపల గీజరు నడుస్తోంది, నేల తడిగా ఉంది. వడ్రంగి వచ్చి తలుపు బద్దలు కొట్టేదాకా ఆ తల్లి తలుపు సందులోంచి పాటలు పాడుతూ వాడిని ఒకచోట కూర్చోబెట్టింది. ఆ అమ్మాయి ధైర్యాన్ని ఈ రోజుకీ మెచ్చుకుంటాను.

ఇంకో మాట. సముద్రం వైపు ఇళ్ళలో మధ్యాహ్నం గాలి తిరిగితే తలుపులు ఫెడీమని కొట్టుకుంటాయి. బిడ్డ వేళ్ళు ఎప్పుడూ కీలు పక్కనే ఉంటాయి. తలుపు పైఅంచు మీద పాత తువ్వాలు మడిచి వేస్తే తలుపు పూర్తిగా మూసుకోదు. మేకు అక్కర్లేదు, యజమాని అనుమతి అక్కర్లేదు.

పిల్లల_వార్డు_డాక్టరు
వాసంతి గారి తువ్వాలు మంచి ఉపాయం. వేలి కొస తెగిన పిల్లలు గాలి కాలంలో మా దగ్గరికి వస్తుంటారు. తెగిన ముక్కను నేరుగా ఐసులో పెట్టి తెస్తారు, దాంతో అది పాడవుతుంది. శుభ్రమైన తడి బట్టలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని ఐసు మీద ఉంచి తేవాలి.

ఉక్కునగరం_తాతయ్య
తువ్వాలు వేయండి, గొళ్ళెం పెట్టండి, కాదనను. నా భయం వేరే. ఇన్ని తాళాలు పడ్డాక పెద్దవాళ్ళు ధీమాగా టీవీ ముందు కూర్చుంటారు. బిడ్డను చూడటం మానేస్తారు.

షిప్‌యార్డు_శ్రీను
తాతయ్య గారూ, మీరు ఉక్కు కర్మాగారంలో పనిచేసినవారని మీ పేరే చెబుతోంది. యంత్రంలో తిరిగే కప్లింగ్ మీద గార్డు, అంటే చెయ్యి పడకుండా పెట్టే అడ్డు, లేకుండా "కళ్ళుంటే చాలు, నడుపుకో" అని మీ ఫోర్‌మన్ ఎప్పుడైనా అన్నారా? మా షిప్‌యార్డులో మొదటి రోజే నేర్పించే వరస ఇది. ప్రమాదాన్ని అక్కడినుంచి తీసేయగలవా, తీసేయి. తీయలేకపోతే అడ్డు పెట్టు. అడ్డు పెట్టలేనప్పుడే మనిషి జాగ్రత్త మీద ఆధారపడు. జాగ్రత్త చివరిది, ఎందుకంటే మనిషికి నిద్ర వస్తుంది, ఫోను మోగుతుంది, పాలు పొంగుతాయి. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న కార్మికుడికి గార్డు పెట్టినవాళ్ళం, తొమ్మిది నెలల బిడ్డకు పెట్టమా?

అక్కయ్యపాలెం_కవలల_అమ్మ
"పాలు పొంగుతాయి" అన్న ఒక్క మాటకు శ్రీను గారికి దండం.

ఉక్కునగరం_తాతయ్య
శ్రీనూ, గార్డు సంగతి బాగా పట్టుకున్నావు. నేను రోలింగ్ మిల్లులో చేశాను. గార్డు తీసేసి నడిపితే మెమో చేతికొచ్చేది, ఎవరినీ వదిలేవారు కాదు. సరే, అడ్డు పెట్టాలి. అయితే గార్డు ఉన్నా అక్కడ ఒక మనిషి నిలబడి ఉండేవాడు. ఆ మాట కూడా కలిపి చెప్పు.

షిప్‌యార్డు_శ్రీను
కలిపే చెబుతున్నానండీ. రెండూ కావాలి.

బీచ్‌రోడ్డు_బాల్కనీ
ఫాబ్రికేషన్ పని చేస్తాను, గ్రిల్సు, రెయిలింగులు. మానస గారి బాల్కనీ విషయం.

జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016 ప్రకారం బాల్కనీ రెయిలింగ్ కనీసం 1 మీటరు ఎత్తు ఉండాలి. మీది కొలవండి. కొత్తగా టైల్సు వేసినచోట నేల మట్టం పెరిగి రెయిలింగ్ పొట్టిదైపోతుంది. కమ్మీల మధ్య సందు 4 అంగుళాలు దాటకూడదని చాలా దేశాల్లో నిబంధన. బిడ్డ తల పట్టకూడదన్నది లెక్క. మీది అడ్డ కమ్మీలు కాబట్టి సందు సరిగ్గా ఉన్నా లాభం లేదు. ఏడాదిన్నర వచ్చేసరికి పాప ఎక్కేస్తుంది.

చాలామంది పావురాల వల కట్టించి పిల్లలకూ అదే చాలనుకుంటారు. అది పక్షి రాకుండా ఆపడానికి కట్టేది, మనిషి బరువు ఆపడానికి కాదు. ఎండకు నైలాన్ పెళుసెక్కుతుంది, చేత్తో లాగితే తెగుతుంది. స్టీలు తీగల గ్రిల్ వేయిస్తే గట్టిగా ఉంటుంది. తీగలు నిలువుగా, రెండు మూడు అంగుళాల దూరంలో ఉండాలి. ఇక్కడ ఒకటి పట్టుబట్టి అడగండి. స్టీలు 304 రకమా, 316 రకమా? 316లో మాలిబ్డినం కలుస్తుంది, ఉప్పుగాలికి బాగా తట్టుకుంటుంది. సాగర్‌నగర్, ఋషికొండ, లాసన్స్ బే వైపు ఇళ్ళలో మామూలు ఇనుప గ్రిల్ పైకి రంగు బాగానే ఉంటుంది, గోడలోకి వెళ్ళే చోట లోపల తినేసి ఉంటుంది. నెలకోసారి ప్రతి కమ్మీని కాలు దగ్గర పట్టుకుని ఊపి చూడండి. పొడి రాలితే బిడ్డను ఆ వైపు పోనివ్వకండి. హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు, 2014 అక్టోబరు 12న, ఈ ఊళ్ళో ఎన్ని గ్రిల్సు ఊడిపోయాయో చూసినవాళ్ళం.

మధురవాడ_మానస
గోడకు బోల్టులు వేయనివ్వరండీ. అదే చిక్కు.

బీచ్‌రోడ్డు_బాల్కనీ
అయితే బాల్కనీని వదిలేసి తలుపు పట్టుకోండి. హాలు నుంచి బాల్కనీలోకి వెళ్ళే తలుపుకు పైన బోల్టు బిగించడానికి చెక్కలో నాలుగు చిన్న స్క్రూలు చాలు, ఖాళీ చేసేటప్పుడు మైనంతో పూడ్చవచ్చు. గాలి కావాలంటే జాలీ తలుపుకూ పైనే బోల్టు. బాల్కనీలో స్టూలు, పూలకుండీ, బట్టలు ఆరేసే స్టాండు, పాత అట్టపెట్టె, ఎక్కడానికి పనికొచ్చే ఏదీ ఉంచకండి. ఏసీ బయటి పెట్టె రెయిలింగ్ పక్కనే నేల మీద ఉంటే అదీ ఒక మెట్టే.

సీతమ్మధార_నీలిమ
యజమానితో ఇంకోసారి మాట్లాడండి, ఫోనులో కాదు, పాపను ఎత్తుకుని వెళ్ళి. మా యజమాని కూడా మేకు వద్దన్నవారే. "గ్రిల్ మేము వేయిస్తాం, వెళ్ళేటప్పుడు మీకే వదిలేస్తాం" అని కాగితం మీద రాసి ఇచ్చాం. సగం ఖర్చు ఆయనే పెట్టుకున్నారు.

కొత్త_నాన్న
కిటికీలకు కదలని గ్రిల్ వేయిస్తే నిప్పంటుకున్నప్పుడు ఎటు పోవాలి? మా అన్నయ్య ఈ కారణంగానే వద్దంటున్నాడు.

బీచ్‌రోడ్డు_బాల్కనీ
మీ అన్నయ్య మాట న్యాయమైనది. ఒక కిటికీకి తెరుచుకునే భాగం పెట్టించి తాళం వేయించండి. తాళంచెవి ఆ గదిలోనే, పెద్దల చేతికి అందే ఎత్తున, మేకుకు వేలాడాలి. బీరువాలో దాస్తే ఆ తాళంచెవి ఉన్నా లేనట్టే.

పెందుర్తి_పిన్ని
వంటగది మాట ఇంకా ఎవరూ ఎత్తలేదు. అన్నం గంజి వార్చే ఇళ్ళు మన వైపు ఇంకా ఉన్నాయి. గిన్నెను నేల మీద వంచి పెట్టి గంజి కింది గిన్నెలోకి కారేలా వదిలేస్తారు. మా వీధిలో ఒక బాబు పాకుతూ వచ్చి ఆ గంజిలో చెయ్యి పెట్టాడు. గంజి నీళ్ళలా జారిపోదు, చర్మానికి అంటుకుని అక్కడే కాలుస్తూ ఉంటుంది. ఇంట్లోవాళ్ళు వెంటనే టూత్‌పేస్టు పూశారు, పైన ఎవరో సిరా పోశారు.

కాలిన_గాయాల_సిస్టరు
ఆ పేస్టును కడగడానికే ఆసుపత్రిలో మాకు సగం సేపు పడుతుంది, బిడ్డకు రెండో నరకం. దయచేసి ఇది ఇంట్లో అందరికీ చెప్పండి, పనమ్మాయికి కూడా. కాలిన చోట కుళాయి నీళ్ళు ధారగా 20 నిమిషాలు. గడియారం చూసి 20 నిమిషాలు. ఐసు వద్దు, పేస్టు వద్దు, సిరా వద్దు, నెయ్యి వద్దు, పసుపు వద్దు. మొలతాడు, గాజులు, ఉంగరం వెంటనే తీసేయండి, వాపు వచ్చాక రావు. బట్ట అంటుకుపోయి ఉంటే లాగకండి. పసిబిడ్డకు మిగతా ఒళ్ళు చల్లబడకుండా తువ్వాలు కప్పి, శుభ్రమైన బట్టతో గాయం కప్పి తీసుకురండి.

గంజి వార్చేది గట్టు మీదే, సింకులోకే. సాంబారు, రసం, పులుసు గిన్నెలను నేల మీద వరసగా పెట్టి వడ్డించే అలవాటు పండగ రోజుల్లో ఎక్కువ. ఆ రోజుల్లో పిల్లలను ఎత్తుకుని ఉండేందుకు ఒకరిని ముందే అనుకోండి.

పెందుర్తి_పిన్ని
స్నానానికి కూడా చెప్పండి సిస్టరమ్మా.

కాలిన_గాయాల_సిస్టరు
బకెట్టులో చన్నీళ్ళు ముందు, వేడినీళ్ళు తర్వాత. ఈ వరస ఎప్పుడూ మార్చకండి. గీజరు వేడిని 50 డిగ్రీల దగ్గర ఉంచండి. 60 డిగ్రీల నీళ్ళు కొద్ది క్షణాల్లో పిల్లల చర్మాన్ని లోతుగా కాలుస్తాయి. బకెట్టులో వేసే హీటరు రాడ్డు ఉన్న ఇంట్లో పాకే బిడ్డ ఉంటే ఆ రాడ్డు అటకెక్కాలి. కాలడమూ, కరెంటూ రెండూ ఒకేచోట.

వైరింగ్_మేస్త్రి
కరెంటు మాట వచ్చింది కాబట్టి. ప్లగ్గు మూతల కంటే ముందు మీటరు పక్కన ఉన్న పెట్టె తెరిచి చూడండి. ఎం.సి.బి.లు, అంటే కరెంటు మోతాదు మించితే పడిపోయే స్విచ్చులు, అందరికీ ఉంటాయి. అవి వైరును కాపాడతాయి, మనిషిని కాదు. మనిషిని కాపాడేది ఆర్.సి.సి.బి., 30 మిల్లీ ఆంపియర్లది. కరెంటు ఒంట్లోంచి భూమిలోకి పారితే రెప్పపాటులో ఆపేస్తుంది. దాని మీద టెస్టు బొత్తాం ఉంటుంది, నెలకోసారి నొక్కాలి, టక్కుమని పడిపోవాలి. పడకపోతే పనిచేయడం లేదని.

మన ఊరి చెమ్మకు, ఉప్పుకు ఇది అప్పుడప్పుడూ పడిపోతూ ఉంటుంది. విసుగొచ్చి తీసేయించి వైరు నేరుగా కలిపించుకున్న ఇళ్ళు నేను చూశాను. అలా చేయకండి. అది పడుతోందంటే ఎక్కడో లీకేజీ ఉందని చెబుతోంది. వెతికించండి. ఎక్కువసార్లు బాల్కనీలో తడిసే పాయింటో, పాత గీజరో దొరుకుతుంది.

ప్లగ్గులకు మూతల బదులు లోపల షట్టరు ఉన్న సాకెట్లు మార్పించండి. ప్లగ్గు పిన్నులు కలిపి పెడితేనే తెరుచుకుంటాయి, పిన్నీసు పోదు. మారిస్తే యజమాని కూడా ఏమీ అనరు, ఇల్లు మెరుగైనట్టే కదా.

కొత్త_నాన్న
పిన్నీసు అంటే గుర్తొచ్చింది. మా ఇంట్లో ఆడవాళ్ళందరి గాజులకూ పిన్నీసులు వేలాడుతుంటాయి. బాబు చేతికి మొదట దొరికేవి అవే. తీయమంటే నవ్వుతారు.

పిల్లల_వార్డు_డాక్టరు
నవ్వినా తీయించండి. తెరుచుకున్న పిన్నీసు గొంతులో ఇరుక్కుంటే ఆపరేషన్ థియేటరుకు తీసుకెళ్ళాలి.

దానికంటే పెద్ద భయం బొత్తాం బ్యాటరీ, చొక్కా బొత్తాంలా ఉండే చిన్న గుండ్రటి బ్యాటరీ. రిమోట్లలో, పాటలు పాడే బొమ్మల్లో, వెలిగే చెప్పుల్లో ఉంటుంది. ఆహారనాళంలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలుతుంది. మూత స్క్రూతో బిగించిన బొమ్మలే కొనండి, మిగతా రిమోట్ల మూతలకు టేపు చుట్టండి. మింగిందని అనుమానం వస్తే చాలు, ఆసుపత్రికి పరుగెత్తండి. వాంతి చేయించకండి. బిడ్డకు ఏడాది దాటి, మింగి 12 గంటలు కాకపోతే, మింగగలుగుతుంటే, దారిలో పది నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె ఆరుసార్ల వరకు పట్టవచ్చు. అది నాళాన్ని కొంత కాపాడుతుంది. తేనె కోసం దుకాణం దగ్గర ఆగకండి. ఏడాదిలోపు బిడ్డకు తేనె అసలు వద్దు.

గోపాలపట్నం_బుజ్జి
డాక్టరు గారూ, దేవుడి గూడు మా ఇంట్లో కిందనే ఉంది. కర్పూరం, అగ్గిపెట్టె, దీపం నూనె అన్నీ అక్కడే. పైకి మార్చాలంటే అమ్మ ఒప్పుకోదు.

పిల్లల_వార్డు_డాక్టరు
గూడు అక్కడే ఉంచి కర్పూరం డబ్బా మాత్రం పైకి మార్చండి. కొద్దిగా కర్పూరం మింగినా నిమిషాల్లో మూర్ఛ రావచ్చు. తెల్లగా, పటికబెల్లంలా ఉంటుంది, పిల్లలు నోట్లో వేసుకుంటారు. జలుబుకని రెండేళ్ళలోపు పిల్లలకు కర్పూరం నూనె రాయడం కూడా మానండి.

బీరువాలో కలరా ఉండలు మరొకటి. మింగితే విషం, అది అందరికీ తెలుసు. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతో లోపించిన పిల్లలు కొందరుంటారు. ఆ ఉండల మధ్య దాచిన బట్టల్లో చుట్టినా వాళ్ళకు రక్తకణాలు చితికి కామెర్లు ముదురుతాయి. బారసాలకు దాచిన పాత పట్టుబట్ట బిడ్డకు వేసే ముందు ఉతికి ఎండలో ఆరేయాలి. అసలు ఆ ఉండలు లేకుండా దాచడం మేలు.

ఇక మాత్రలు. నానమ్మ షుగరు మాత్రల్లో గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ రకం ఒక్కటి చాలు, పసిబిడ్డకు రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవడానికి. గర్భిణులకు ఇచ్చే ఎర్రటి ఐరన్ మాత్రలు బిళ్ళ చాక్లెట్లలా కనిపిస్తాయి, ఎక్కువ మింగితే ప్రాణాపాయం. దిండు కింద, చీర కొంగు ముడిలో, చేతిసంచిలో మాత్రలు ఉండకూడదు. కిరోసిన్, ఫినాయిల్, యాసిడ్‌లను కూల్‌డ్రింకు సీసాల్లో పోయకూడదు. తాగితే ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించకండి. కిరోసిన్ వాంతిలో ఊపిరితిత్తుల్లోకి పోతుంది, యాసిడ్ రెండోసారి కాలుస్తుంది. ఆ సీసాను కూడా పట్టుకుని రండి. 108కి ఫోను చేయండి. ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117, రాత్రీ పగలూ పలుకుతుంది, డబ్బులు పడవు. ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించండి.

మధురవాడ_మానస
అత్తయ్య గారి మాత్రల డబ్బా టీవీ కింద ఉంటుంది. చదివి వినిపించాను. ఏమీ అనకుండా లేచి డబ్బా తీసి బీరువా మీద పెట్టారు. ఆవిడకే అందడం లేదు, ఇప్పుడు ఇంకో చోటు వెతుకుతున్నాం.

సీతమ్మధార_నీలిమ
నాదొక గొడవ. మేనమామ వాకర్ కొని తెచ్చాడు. చక్రాలవి, చుట్టూ బల్ల. అందులో కూర్చోబెడితే త్వరగా నడక వస్తుందని ఇంట్లో అందరూ. నాకు ఇష్టం లేదు, తమ్ముడు నొచ్చుకుంటాడు.

పెందుర్తి_పిన్ని
మా పిల్లలందరూ అందులోనే నడిచారమ్మా. పాపం ప్రేమగా తెచ్చాడు.

పిల్లల_వార్డు_డాక్టరు
పిన్ని గారూ, క్షమించండి, ఇక్కడ గట్టిగా కాదంటాను. వాకర్ నడక నేర్పదు, ఆలస్యం చేస్తుంది. బిడ్డ మునివేళ్ళతో తోసుకుంటుంది, తన కాళ్ళు తనకు కనిపించవు, సమతూకం నేర్చుకోదు. పెద్దవాళ్ళు ఒక అడుగు వేసేలోగా మెట్ల దాకానో, పొయ్యి దాకానో దూసుకుపోతుంది. కూర్చున్న ఎత్తు పెరుగుతుంది కాబట్టి గట్టు మీది టీ గ్లాసు కూడా అందుతుంది. కెనడా 2004లో వాకర్ల అమ్మకాన్నే నిషేధించింది.

షిప్‌యార్డు_శ్రీను
నీలిమ గారూ, చక్రాలు ఊడదీయండి. తమ్ముడి కానుక ఇంట్లోనే ఉంటుంది, బిడ్డ కూర్చుని ఆడుకుంటుంది. ఊడని రకమైతే తోసుకు నడిచే చెక్కబండి కొనిపెట్టమని తమ్ముడినే అడగండి. మేనమామ ముచ్చట అలాగైనా తీరుతుంది.

అక్కయ్యపాలెం_కవలల_అమ్మ
మా ఇంట్లో బొమ్మలు గదినిండా ఉన్నాయి. ఇద్దరికీ కావలసింది మాత్రం ఒకే చీపురు. కొత్త చీపురు ఇంకోటి కొన్నాను, ఇప్పుడు ఇద్దరికీ పాతదే కావాలి.

పెందుర్తి_పిన్ని
డాక్టరు గారూ, వాకర్ మాట ఆలోచిస్తాను. తలకింద ఆవాల దిండు కూడా వద్దంటారా? తల గుండ్రంగా రావాలని మా అమ్మ కాలం నుంచి పెడుతున్నాం.

పిల్లల_వార్డు_డాక్టరు
ఏడాది వరకు ఏ దిండూ వద్దండీ. వెల్లకిలా, గట్టి పరుపు మీద, పక్కన దిండ్లు, బొంతలు, మెత్తటి బొమ్మలు లేకుండా. తల ఆకారం కోసమైతే మెలకువగా ఉన్నప్పుడు మీ ఎదురుగా బోర్లా పడుకోబెట్టి ఆడించండి, మెడకు బలం కూడా వస్తుంది. మెడలో గొలుసు, నల్లతాడు పడుకునే ముందు తీసేయండి.

బీచ్‌రోడ్డు_బాల్కనీ
చీర ఉయ్యాల కట్టేవాళ్ళకు ఒక మాట. స్లాబులో దించిన కొక్కెం కూడా ఇనుమే. తీరం వైపు ఇళ్ళలో అది పైన సున్నం వెనకాల తుప్పుపట్టి సన్నబడుతుంది. పిల్లను పడుకోబెట్టే ముందు పెద్దమనిషి రెండు చేతులా వేలాడి చూడాలి. కింద గట్టి నేల బదులు పరుపు వేయండి.

ఉక్కునగరం_తాతయ్య
గొంతుకు అడ్డం పడితే ఏం చేయాలో ఎవరైనా రాయండి. మనవడికి మొన్న వేరుశనగ పలుకు పెట్టబోయారు, నేను చేతిలోంచి లాక్కున్నాను.

పిల్లల_వార్డు_డాక్టరు
లాక్కుని మంచి పని చేశారు. నాలుగైదేళ్ళు వచ్చేదాకా వేరుశనగ, బఠాణీ, సెనగలు గింజలుగా పెట్టకూడదు. సీతాఫలం, సపోటా గింజలు తీయాలి. ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి.

దగ్గుతూ ఉంటే దగ్గనివ్వండి. దగ్గు, ఏడుపు ఆగిపోయి రంగు మారితే: ఏడాదిలోపు బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని వీపు మీద రెండు రెక్క ఎముకల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు. రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్య ఒక అరచేతి మడమతో ఐదు నొక్కులు. వస్తువు బయటపడేదాకా ఇలా మార్చి మార్చి. ఏడాది దాటిన పిల్లలకు వీపు మీద ఐదు దెబ్బల తర్వాత వెనక నిలబడి బొడ్డుకు పైన పిడికిలితో లోపలికీ పైకీ ఐదు ఊపులు. కనిపించని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి గెలకకండి, ఇంకా లోపలికి పోతుంది. స్పృహ తప్పితే వెంటనే గుండె నొక్కడం మొదలుపెట్టాలి, 108కి ఒకరు ఫోను చేయాలి. ఇది చదివితే రాదు, ఒకసారి నేర్పించుకోండి.

నిర్వాహకుడు
ఈ చర్చను పైన అతికించాం. దుకాణాల పేర్లు, ఫోను నంబర్లు అడుగుతూ వస్తున్న సందేశాలను తీసేస్తున్నాం.

వాల్తేరు_వాసంతి
ఇంటి గడప లోపలి మాటలే మాట్లాడుతున్నాం. మా అపార్టుమెంటు సెల్లార్‌లో పిల్లలు ఆడుకుంటారు, అక్కడే కార్లు వెనక్కి తిరుగుతాయి. సంపు మూత మూడేళ్ళ పిల్లాడు ఎత్తగలిగేంత తేలిక. ట్యాంకరు వచ్చిన రోజు ఆ మూత గంటలకొద్దీ తెరిచే ఉంటుంది. లిఫ్టు పాతది, జాలీ తలుపు, సందులోంచి చెయ్యి పడుతుంది.

షిప్‌యార్డు_శ్రీను
సంపు మూత గురించి ఈ నెల సమావేశంలోనే తేల్చండి. బరువైన మూత, కొక్కెం, తాళం. మూతకింద ఇనుప జాలీ ఒకటి వేయిస్తే ట్యాంకరు గొట్టం జాలీలోంచే దిగుతుంది, పైమూత తెరిచి ఉన్నా బిడ్డ పడదు. కార్లకు ఒకటే మాట, వెనక్కి తీసే ముందు దిగి చుట్టూ ఒకసారి నడవాలి. లిఫ్టు జాలీకి బయటినుంచి పారదర్శకమైన ప్లాస్టిక్ రేకు బిగించవచ్చేమో లిఫ్టు మరమ్మతు చేసేవారినే అడగండి, మీరుగా బిగించకండి.

మధురవాడ_మానస
ఇంతవరకూ జరిగినవి రాస్తున్నాను. బాత్‌రూముకు బయట గొళ్ళెం పడింది, లోపలిది ఊడదీశాం. బాల్కనీ తలుపుకు పైన బోల్టు బిగించాం. నీలిమ గారు చెప్పినట్టు పాపను ఎత్తుకుని యజమాని ఇంటికి వెళ్ళాం. గ్రిల్‌కు ఒప్పుకున్నారు, బోల్టులు ఎక్కడ పడాలో తానే వచ్చి చూపిస్తానన్నారు. ఆర్.సి.సి.బి. లేదు, వచ్చే వారం వేస్తారు. అత్తయ్య గారు మాత్రం "గొళ్ళెం పెట్టారు కదా అని నేను కళ్ళు మూసుకోను" అన్నారు. తాతయ్య గారికి ఆ మాట నచ్చుతుంది.

మా సెల్లార్ సంపుకూ తాళం వేయాలని అసోసియేషన్ ఒప్పుకుంది. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న దగ్గర ఆగింది. వాచ్‌మన్ దగ్గర ఉంటే ఎప్పుడూ తెరిచే పెడతాడని కొందరు, సెక్రటరీ దగ్గర ఉంటే ట్యాంకరు వచ్చిన వేళకు ఆయన దొరకరని కొందరు.

ఉక్కునగరం_తాతయ్య
నచ్చిందమ్మా. తాళంచెవికి ప్లాంటులో మా పద్ధతి చెబుతాను. చెవి వాచ్‌మన్ దగ్గరే ఉంటుంది, పక్కన ఒక పుస్తకం ఉంటుంది. తెరిచిన వేళ, మూసిన వేళ, సంతకం. తెరిచి ఉన్నంతసేపు అతను అక్కడినుంచి కదలకూడదు. ట్యాంకరు వేళల్లో అతనికి వేరే పని చెప్పకూడదని అసోసియేషన్ కాగితం మీద రాయాలి. పాలపాకెట్టు తెమ్మని పైనుంచి కేకవేసేది మనమే కదా.

షిప్‌యార్డు_శ్రీను
రెండో తాళంచెవి సెక్రటరీ ఇంట్లో. అంతే.